అప్పలమ్మత్త చుట్టకుదురు

వానరోజుల్లో మా క్లినిక్ వెనక తాడు మీద ఆరీ ఆరని పాత నూలుగుడ్డల ముక్కిన వాసన తగిలితే, చేస్తున్న పని ఆపేస్తాను. అది మా భాలుబాసా పేటలో పక్కింటి అప్పలమ్మత్త వాసన.

శ్రీకాకుళం వైపు పల్లె నుంచి పెళ్లయి జంషెడ్‌పూర్ వచ్చి, ముప్పై ఏళ్లు రేజా పని చేసింది అత్త. ఇళ్లు కట్టేచోట ఇటుకలు, ఇసుక నెత్తిన మోసే ఆడకూలీని ఇక్కడ రేజా అంటారు. అయిదు కాన్పులు. ప్రతిసారీ పన్నెండో రోజునే మళ్లీ తట్ట ఎత్తుకుంది, రాకపోతే కూలికి పెట్టుకున్న ఠేకేదారు ఇంకొకర్ని పెట్టుకుంటాడని. కానీ కుళాయి దగ్గర వేరే ఏ బాలింత బిందె ముట్టుకున్నా ఊరుకునేది కాదు. మా తమ్ముడు పుట్టిన మూడోవారంలో మా అమ్మ చేతిలోంచి బిందె లాక్కుని, "నడుం బిగిసిందేటే నీకు? ఎల్లి తొంగో!" అని వీధంతా వినేలా అరిచింది. అమ్మకి తల కొట్టేసినట్టయి రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత రెండు నెలలూ మా నీళ్లు అత్తే మోసిపెట్టింది.

అత్త తన చీర కింద దాచి ఆరేసే గుడ్డచుట్టల్ని, తట్ట కింద నెత్తిన పెట్టుకునే చుట్టకుదుళ్లే అనుకునేదాన్ని. ఒకసారి ఒకటి నెత్తిన పెట్టుకుని వీధిలో ఆడాను. ఎన్నడూ చెయ్యెత్తనిది, నా వీపు విమానం మోత మోగించింది. ఆ వెంటనే తనే కూచుని ఏడ్చింది.

నర్సు చదువులో గర్భసంచి జారడం గురించి వింటున్న రోజున ఆ గుడ్డలు గుర్తొచ్చాయి. నాకు నోరాగదు కదా, ఇంటికొస్తూనే అడిగేశాను. "అత్తా, అవి నెత్తికి కాదు కదూ?"

బియ్యం ఏరుతూనే చెప్పింది. "మూడో కాన్పు కాడినుంచి దిగిపోతంది. గుడ్డెట్టి ఆపుకుంతన్నాను. ఎవులికి సెప్పుకోమంతావే, కొడుక్కా?"

"డాక్టరమ్మకి."

"బాబోయ్, సిగ్గుతో సచ్చిపోతాను. కోడలికి తెలిత్తే?"

ఎంత బతిమాలినా రానంది. నాకు ఏడుపొకటే తక్కువ. వారం తిరిగేసరికి, కాన్పయి మూడు వారాలైనా కాని ఆ కోడలే, తెలుగు అర్థమయ్యే హిందీ పిల్ల, కుళాయి దగ్గర రెండు బకెట్లు ఎత్తబోయింది. అత్త వద్దంటే, "కుఛ్ నహీ హోగా, మాఁజీ" అని నవ్వింది. ఏమీ కాదట! అత్త ఈసారి అరవలేదు. "నానూ అలాగే అనుకున్నానమ్మా. నా గర్బసంచి జారి ఇరవై ఏళ్లయింది. గుడ్డ కుక్కుకుని తిరుగుతన్నాను," అంది అందరి ముందూ. కోడలు బకెట్లు దించేసి ఆమె చెయ్యి పట్టుకుంది. వెనక వరసలోంచి ఇంకొకావిడ, "నాకూ అంతేనే అప్పలమ్మా," అంది మెల్లగా.

మర్నాడు అత్తనీ, ఆ రెండో ఆవిడనీ ఆటోలో సాక్చి ఆసుపత్రికి తీసుకెళ్లాను. గర్భసంచి జారకుండా లోపల పెట్టబోయే రబ్బరు రింగు డాక్టరమ్మ చూపిస్తే అత్త పకపకా నవ్వింది. "ఓలమ్మోలమ్మ, ఇదీ సుట్టకుదురేనేటే!"

అత్త పోయి మూడేళ్లు. నా దగ్గరికొచ్చే ఆడవాళ్లని ఏం బాధ అని అడగను. అడిగితే ఏమీ లేదంటారు. కాన్పయిన ఎన్నాళ్లకి బరువెత్తావమ్మా అంటాను. తల దించుకుంటే తలుపు వేసి అత్త సంగతి చెబుతాను. మా అమ్మకి అరవై దాటాయి, ఇప్పటికీ నిటారుగా నడుస్తుంది. ఆ రెండు నెలలూ మా బిందెలు అత్త ఆ గుడ్డ పెట్టుకునే మోసింది.