మా బావ గడ్డం గీసే చెయ్యి

మా బావకి క్షవరం షాపు. పక్క గదిలో నాది ఇస్త్రీ పని. మధ్య గోడ పలచన, అందుకని అక్కడ ఎవరు తుమ్మినా నాకిక్కడ తెలుస్తుంది. అక్క మొగుడు గనక ఆయన్ని వెక్కిరించే హక్కు నాకుంది. ఆ హక్కుని రోజూ వాడుకుంటాను కూడా. కానీ ఆయన చేతికి మాత్రం ఎన్నడూ వంక పెట్టలేదు. కత్తి గొంతు మీదికి రాగానే బావ ఊపిరి బిగబడతాడు. గొంతు దాటాక బుస్సుమని వదులుతాడు. వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి అది. గోడ ఇవతల ఆ బుస్సు వినపడితే ఇంకో గొంతు క్షేమంగా గట్టెక్కిందని అనుకునేవాణ్ణి.

ఆ చలికాలం బావకి ఉబ్బసం పట్టుకుంది. ఛాతీలో పిల్లికూతలు. ఊపిరి బిగబట్టడం దేవుడెరుగు, మామూలుగా తీయడమే గగనమైంది. డాక్టరు గారు నోట్లోకి పీల్చే పంపు ఒకటిచ్చి, "ఆయాసం వచ్చినప్పుడే వాడండి" అన్నారు. మా బావ తెలివి తెల్లారినట్టే ఉంటుంది. గొంతు మీద కత్తి ఉండగా దగ్గొస్తే అది క్షవరం కాదు, ఖూనీ అనుకుని, ప్రతి గడ్డానికీ ముందు పీల్చడం మొదలెట్టాడు.

ఊపిరి బాగానే ఆడింది. దానితోపాటు చెయ్యి కూడా ఆడింది.

మొదట చూసింది బ్యాంకు గుమాస్తా. మొహం నిండా నురగ పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నీళ్ళ గిన్నె అంచుకి కత్తి తగిలి టకటకమంటుంటే ఒక కన్ను తెరిచి అద్దంలో చూశాడు. "ఈసారి గడ్డం పెంచుదామనుకుంటున్నాలే" అంటూ నురగతోనే, మెళ్ళో తువ్వాలుతోనే వీధిలో పడ్డాడు.

లోకుల నోటికి మూతలుంటాయా? బావ తాగుతున్నాడన్నారు. అక్క గుమ్మంలోనే ఆపి నోరు వాసన చూసింది. ఆయనకి భయం పట్టుకుంది. భయపడ్డ కొద్దీ వణుకు, వణికిన కొద్దీ ఆయాసమేమోనని ఇంకో పీల్పు. గడ్డాల బేరం పోయి కత్తెర పని మిగిలింది. "ఇక కత్తి పక్కన పెట్టేస్తానురా" అన్నాడో మధ్యాహ్నం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. గడ్డం గీయని బావ నాకు బావలాగే ఉండడు. చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

కథంతా విని డాక్టరు గారు తల పట్టుకున్నారు.

"మనిషి భయపడితే ఒంట్లో అడ్రినలిన్ అనే మందు తనంతట తానే ఊరుతుంది. ఈ పంపులోది దానికి చుట్టం. ఊపిరి గొట్టాల చుట్టూ ఉండే కండరాల మీద రిసెప్టర్లని ఉంటాయి, తలుపులనుకోండి. మందెళ్ళి తలుపు తడితే కండరం సడలి గొట్టం తెరుచుకుంటుంది. అలాంటి తలుపులే చేతి కండరాల్లో, రక్తనాళాల్లో, గుండెలో కూడా ఉన్నాయి. కొద్దిగా పీలిస్తే మందు చాలావరకు ఛాతీలోనే పని చూసుకుంటుంది. మీరు దాన్ని ఒళ్ళంతా ఊరేగిస్తున్నారు. అందుకే చేతికి వణుకు, గుండెకి దడ."

"మరి పీల్చకపోతే ఊపిరెలా బిగబట్టేది డాక్టరు గారూ?"

"అసలు బిగబట్టమని ఎవరు చెప్పారండీ?"

"మా నాన్న."

"ఆయనకి ఉబ్బసం ఉండేదా?"

"లేదండీ."

"మరి!"

గొట్టాల్లో వాపు తగ్గడానికి పొద్దునా సాయంత్రం పీల్చే వేరే మందిచ్చారు. పాతది నిజంగా ఆయాసమొస్తేనే అని నా చేత కూడా ఒప్పించారు.

కొన్ని వారాలకి పిల్లికూతలు తగ్గాయి, చెయ్యి నిలిచింది. కానీ ఊపిరి తీస్తూ గీయడం బావకి చేతకాదు. బెలూన్లకి నురగ పూసి సాధన చేశాడు. అవి ఢామ్మన్నప్పుడల్లా నేను ఎవరిదో ఒకరి కాలరు కాల్చాను. చివరికి ఢామ్మనడం ఆగింది. అయినా ఒక్కడూ గడ్డానికి రాలేదు. బెలూనుకేం, పెళ్ళామా పిల్లలా? వీధి చూస్తుండగా బతికున్న గొంతు ఒకటి కావాలి. అక్క నావైపు చూసింది.

కూర్చున్నాను. గుమ్మంలో గుమాస్తా, అతని వెనక నలుగురు. నా ఒంట్లో ఊరిన మందు ఉన్న తలుపులన్నీ బాదేసింది. మోకాళ్ళు కొట్టుకుంటుంటే కుర్చీ కిర్రుమంది.

"కదలకురా."

"కదలట్లేదు బావా, వణుకుతున్నా."

కత్తి గొంతు మీదికి వచ్చింది. బావ ఊపిరి ఆగలేదు. నా చెవి మీద వెచ్చగా తగులుతూనే ఉంది. కత్తి ఎక్కడా తడబడకుండా గడ్డం కిందికి దిగి, మళ్ళీ పైకొచ్చింది. గుమాస్తా వచ్చి నా చెంప తడిమి చూసి, నన్ను లేపి తను కూర్చున్నాడు. నా కళ్ళు చెమర్చాయి. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

అక్క విసవిసా దగ్గరికొచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"కత్తి గొంతు మీద ఉండగా అలా వణికిపోతావేంట్రా వెధవా? తెగితే ఆయన పేరేమయ్యేది?"