ఆయుధపూజకు ఊడదీసిన కార్డు

కల్లూరులో మాది పెళ్లి వీడియోల స్టూడియో. నేనూ నా భార్యా కలిసి పెట్టుకున్నాం. తీసిన వీడియోలన్నీ ఒకే సర్వర్‌లో, ఎనిమిది ఎస్‌ఎస్‌డీ డిస్కుల్లో ఉంటాయి. ఎడిటింగ్ చేసేవాళ్లంతా తమ కంప్యూటర్ల నుంచి దాన్నే వాడుకుంటారు.

మొన్న దసరా మర్నాడే డెంగీ జ్వరం పట్టుకుని, కొన్నాళ్లకే ఆమె పోయింది. అన్నాళ్లూ స్టూడియో మూసే ఉంది. కర్మ ముగించుకుని స్టూడియో తలుపు తీసేసరికి సర్వర్ నత్తనడక నడుస్తోంది. పెళ్లివాళ్లు ఫోన్లు చేసి తిడుతున్నారు. కొందరు అప్పుడే వేరే స్టూడియో చూసుకున్నారు. ఆమె నిలబెట్టిన స్టూడియో ఆమె వెంటే పోతుందేమోనని నాకు భయం పట్టుకుంది.

ఎస్‌ఎస్‌డీలు అమ్మినవాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. కేబుళ్లు మార్చాను. ఒక్కొక్కదాన్నీ విడిగా పరీక్షిస్తే పరుగులు తీస్తోంది. రెండు కలిపినా బాగానే ఉంది. మూడోది చేరిందా, అన్నీ చతికిలబడుతున్నాయి. మా దగ్గర పనిచేసే కడప ఎడిటర్ నా వీరంగమంతా చూసి చూసి అన్నాడు: "వాటినెందుకు తిడతావన్నా? అవి బాగనే ఉండాయి. అన్నీ పోయే దారే యాడో ఇరుకైనాది."

ఆ ఎనిమిదింటి కేబుళ్లూ వచ్చి చేరేది ఒకే ఒక కార్డుకు. సర్వర్ ఆపి, పెట్టె వెనక్కి తిప్పి చూశాను. నేను పై స్లాటులో పెట్టిన కార్డు కింది స్లాటులో ఉంది. చూడ్డానికి రెండూ ఒకే పొడవు. కిందిదాంట్లో మాత్రం డేటా పోయే దారి బాగా సన్నం. కార్డు రేకు మీద గంధం, దాని మీద కుంకుమ.

ఏటా ఆయుధపూజకు ఆమె పెట్టె విప్పి, అన్నీ ఊడదీసి బ్రష్‌తో తుడిచేది. పైన తుడిస్తే చాలదా అని నేనంటే, "లోపల దుమ్ము పెట్టుకోని పైన బొట్టు పెడితే అమ్మవారు ఒప్పుకుంటాదా?" అని నా మీదికే వచ్చేది. ఈసారి తిరిగి పెట్టేటప్పుడు స్లాటు మారిపోయింది.

ఎవరిమీదైనా అరుద్దామని చూసిన మనిషిని, ఏడ్చేశాను. ఆ పెట్టెలో ఆమె చేయి చివరిగా పడిన చోటు అది. తియ్యనని మొండికేశాను.

"పెళ్లివాళ్లు బయట కూచోనుండారన్నా. తియ్యి," అన్నాడు ఎడిటర్, మెల్లగా.

తీశాను. ఎండిన గంధం పొడిపొడిగా నా వేళ్ల మీద రాలింది.

ఇప్పుడు ఎనిమిదీ కలిసి పరుగెడుతున్నాయి. పెళ్లివాళ్లు మళ్లీ వస్తున్నారు. స్టూడియో నిలబడింది. పొద్దుండగానే పని అయిపోతోంది. ఇంటికి పోక తప్పడం లేదు.