పల్లిపాలెంలో నా తొమ్మిది భోజనాలు

చుట్ట వెలిగించుకుని ఇలా గట్టు మీద కూచోండి, నా పరువు గంగలో ఎలా కలిసిందో నేనే చెబుతాను. మా ఆవిడ సీతమ్మ రేవులో బట్టలు ఉతుకుతూ ఇప్పటికే సగం ఊరికి చెప్పేసింది. మిగిలిన సగం మీరే. ఆవిడ చెబితే ఇంకో నాలుగు కలిపి చెబుతుందండి, నా నోటితోనే వినండి.

ఉప్పెన వచ్చి, నది సముద్రంలో కలిసే మొగ దగ్గర పల్లెల్ని ఊడ్చిపెట్టేసింది కదా. మన ఊళ్ళో కొబ్బరిచెట్లు పడ్డాయి, మా ఇంటి కప్పు సగం లేచిపోయింది, అంతే. ఆ దిగువ పల్లెల వాళ్ళకి వలలు పోయాయి, గాదెల్లో ధాన్యం నాని కుళ్ళిపోయింది, బావుల్లో నీళ్ళు ఉప్పైపోయాయి. కచేరీ నించి ఒక జవాను వచ్చి చూసుకుని వెళ్ళేడు. పైకి రాస్తామన్నాడు. ఆ కాయితం వెళ్ళి రావాలి, ధవళేశ్వరంలో దొరలంతా ఆనకట్ట పనిలో ఉన్నారాయె, అందాకా కడుపులు ఆగవు కదండీ.

అందుకని మన పక్క బండారులంకలో మగ్గం నేసే నాగన్నగారు ఇంటింటికీ తిరిగి పిడికెడు బియ్యం సంఘం పెట్టేరు. ఏ ఇంట్లోనైనా సరే, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి సంఘం కుండలో వెయ్యాలి. ఆ నియమం ఒక్కటే. వండని బియ్యానికి మైల ఏముంది, అన్ని కులాల వాళ్ళూ వేసేరు. రెండు వారాలు తిరిగేసరికి ఆరు గోనెలు నిండేయి.

"పడవ ఎవరిస్తారు?" అన్నారు నాగన్నగారు. నేనిస్తానన్నాను. "పంచేదెవరు?" అన్నారు. అదీ నేనే అన్నాను. అదిగో, అక్కడ నోరు మూసుకుని ఉండాల్సింది. పడవ నడపడం నాకు చేతనవును గానీ, ఒకరికి పెట్టడం కూడా ఒక పని అని, అదీ నేర్చుకోవాలని నాకేం తెలుసు? "ఎవరికి ఎంత అక్కరుందో అడిగి మరీ ఇవ్వండి" అని నాగన్నగారు చెప్పేరు. అడగడానికేం భాగ్యం అనుకున్నాను.

పొద్దున్నే నీరు సముద్రం వైపు లాగే పాటు మీద వైనతేయ పాయలో దిగువకి బయల్దేరేను. ఎండెక్కేసరికి పల్లిపాలెం చేరేను. తొమ్మిది ఇళ్ళు మిగిలేయండి అక్కడ. ఇళ్ళంటే ఇళ్ళు కావు, నాలుగు గుంజలు పాతి పైన తాటాకులు కప్పుకున్నారు. మనలాగే పడవల మీద, వలల మీద బతికేవాళ్ళు, వరసలు కలుపుకుంటే మనకి చుట్టాలే. మొదటి ఇల్లు గంగమ్మగారిది. పెద్దావిడ, పాలెం అంతా ఆవిడ మాట మీద నడుస్తుంది.

"రండి బాబూ, ఎండనపడి వచ్చేరు" అంటూ చాప వేసేరు.

ఎవరింటికి వెళ్ళినా మనం మొదట ఏమడుగుతామండీ? నేనూ అదే అడిగేను. "భోజనాలయ్యేయాండీ?"

"ఆయ్, ఇప్పుడే అయ్యిందండి. మీరు చేతులు కడుక్కోండి, రెండు మెతుకులు తిందురు గాని."

"నాకెందుకండీ, నేనే మీకు బియ్యం తెచ్చేను. ఏమైనా అక్కరుందా?"

"మాకెందుకు బాబూ, ఆ పైవాడి దయవల్ల జరిగిపోతోంది. పక్కింట్లో పిల్లలున్నారు, పాపం, వాళ్ళకి ఇవ్వండి."

ఈ మాటంటూనే ఇత్తడి గిన్నెలో గంజన్నం, దాని పక్కన కాల్చిన ఎండుచేప ముక్క నా ముందు పెట్టేసేరు. వద్దంటే ఊరుకుంటారా? మన సీమలో పెట్టింది కాదంటే తిట్టినంత పని కదా. తిన్నాను. బాగుందండి, అబద్ధమెందుకు.

పక్కింటికి వెళ్ళేను. "భోజనాలయ్యేయాండీ?" "ఆయ్, అయ్యిందండి." బియ్యం సంగతి అడిగితే, మాకొద్దు, ఆ మూడో ఇంటివాళ్ళకి ఇవ్వండి, వాళ్ళ ఇంటాయనకి జ్వరం అన్నారు. నేను లేవబోతే, "గంగమ్మత్తగారింట్లో తిన్నారట, మా ఇంట్లో తినరా? మేమేం పాపం చేసేం బాబూ?" అని ఇంటావిడ చిన్నబుచ్చుకున్నారు. తిన్నాను. మూడో ఇంటివాళ్ళు నాలుగో ఇల్లు చూపించేరు. అక్కడా తిన్నాను. ఐదో ఇంటికి వచ్చేసరికి మొలతాడు వదులు చేసుకున్నాను. ఏడో ఇంట్లో కూచోవడానికి గుంజ పట్టుకోవాల్సొచ్చింది. ఓ చిన్నపిల్ల నా ఎదురుగా నిలబడి, నా చెయ్యి గిన్నెలోంచి నోటికి వెళ్ళడం, మళ్ళీ గిన్నెలోకి రావడం చూస్తోంది. కొత్తమనిషి కదా, వింతగా చూస్తోంది అనుకున్నాను. తొమ్మిదో ఇంటివాళ్ళు ఎవరికి ఇమ్మన్నారో తెలుసాండీ? "గంగమ్మగారికి ఇవ్వండి, పెద్దావిడ, పాపం."

అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఇక్కడ నేను అడుగుతున్నాను, వాళ్ళు అక్కర్లేదంటున్నారు, పైగా వాళ్ళే నాకు పెడుతున్నారు. ఇంకేం చెయ్యాలి నేను? ఆరు గోనెలూ అలాగే పడవలో వేసుకుని పోటు మీద వెనక్కి వచ్చేసేను.

నాగన్నగారితో ఛాతీ విరుచుకుని చెప్పేను. "పల్లిపాలెంలో ఏ లోటూ లేదండి. తొమ్మిదిళ్ళలోనూ స్వయంగా అడిగేను, అందరికీ భోజనాలయ్యేయి." ఆయన సంతోషించేరు. అయితే ఆ బియ్యం రేపు రాజోలు వైపు పంపిద్దాం, అక్కడ చాలా అవస్థగా ఉందట అన్నారు.

ఇంటికొచ్చి నాకు కూడు వద్దన్నాను. ఎందుకని సీతమ్మ అడిగింది. తొమ్మిది ఇళ్ళలో మర్యాద చేసేరని గొప్పగా చెప్పేను. "అన్ని ఇళ్ళలోనూ ఒకే రకం ఇత్తడి గిన్నె, సీతా. అంచున సొట్టతో సహా. ద్రాక్షారామం తీర్థంలో అంతా కలిసి కొనుక్కున్నట్టున్నారు" అని కూడా అన్నాను.

సీతమ్మ చేతిలో గరిటె పక్కన పెట్టింది.

"తొమ్మిది గిన్నెలకీ ఒకే చోట సొట్ట ఎలా పడుతుందండీ?"

నేను వేళ్ళ మీద ఇళ్ళు లెక్కపెట్టుకున్నాను.

"అది ఒక్కటే గిన్నె. మీరు వీధిదారిన వెళ్తుంటే అది మీకంటే ముందు దొడ్డిదారిన వెళ్ళింది. ఇంటికొచ్చినవాణ్ణి ఉత్త కడుపుతో పంపకూడదని పాలెం మొత్తానికీ ఉన్న ఒక్క కుండ గంజన్నం మీకు పెట్టేరు. మీరు అడుగంటా తినేసి వచ్చేరు."

ఆ చిన్నపిల్ల ఎందుకలా చూసిందో అప్పుడర్థమైందండి. సిగ్గేసింది. ఊరికే సిగ్గు కాదు, ఏడుపొచ్చింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడంటారు చూడండి, నేను అంతకన్నా అన్యాయం. అక్కడ లెక్కపెట్టడానికి వాసాలైనా లేవు.

"ఆకలిగా ఉన్నవాళ్ళు ఎవరైనా ఆకలిగా ఉందని చెబుతారా? మీరు చెబుతారా?" అంది సీతమ్మ. అప్పటికప్పుడు నాగన్నగారింటికి పరిగెత్తి, రాజోలు పడవ ఆపండి మహాప్రభో అని కాళ్ళావేళ్ళా పడ్డాను. ఆయన ఆ గోనెలు మళ్ళీ నాకే అప్పగించేరు. అదే ఇంకా బాధ.

మర్నాడు తెల్లవారుతూనే మళ్ళీ బయల్దేరేను. ఈసారి సీతమ్మ కూడా వచ్చింది. ఎనిమిది కుండల మంచినీళ్ళు పడవలోకి ఎక్కించింది. ఉప్పునీళ్ళతో అన్నం ఎలా వండుకుంటారన్న ఆలోచన నాకు రాలేదండి, ఒట్టు. "మీరు గెడ వెయ్యండి. ఒడ్డుకి వచ్చేక ఒక్క మాట కూడా మాట్లాడకండి" అంది.

గంగమ్మగారు నిన్నటిలాగే రండి రండి అని చాప వేసేరు. సీతమ్మ భోజనం మాటే ఎత్తలేదు. కూచుని, ఒక ఖాళీ కుండ ముందు పెట్టింది.

"పెద్దమ్మగారూ, పిడికెడు బియ్యం సంఘంలో అన్ని ఊళ్ళవాళ్ళూ చేరేరండి. మీ పాలెం ఒక్కటే చేరలేదు."

గంగమ్మగారికి రోషం వచ్చేసింది. "మేమెందుకు చేరం? మాకెవరు చెప్పేరు? ఎంత వెయ్యాలి?"

"పిడికెడేనండి. కానీ ఎసట్లో పోసే బియ్యంలోంచే తియ్యాలి. అది సంఘం నియమం."

పెద్దావిడ మూలనున్న పొయ్యి వైపు చూసేరు. చల్లారిన బూడిద తప్ప ఏమీ లేదండి అందులో.

"ఎసరు పెడితే కదమ్మా" అన్నారు మెల్లిగా.

"పెట్టండి మరి. నీళ్ళు తెచ్చేం. బియ్యం పడవలో ఉంది. మీరు పొయ్యి వెలిగిస్తే గానీ సంఘానికి మీ పిడికెడు రాదు" అంది సీతమ్మ, తనకేదో సాయం చేసిపెట్టమన్నట్టు.

గంగమ్మగారు పైట చెంగుతో కళ్ళొత్తుకున్నారు. నేను పడవ వైపు తిరిగి, కట్టిన తాడే మళ్ళీ కట్టేను. కాసేపటికి తొమ్మిది ఇళ్ళ దగ్గరా పొగ లేచింది. ఇంటికింత అని గోనెలు విప్పి పోసేం. ప్రతి ఇంటావిడా ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి, తలెత్తుకుని వచ్చి, సీతమ్మ కుండలో వేసి వెళ్ళేరు. ఆ చిన్నపిల్ల కూడా దాని గుప్పెడు అది తెచ్చి వేసింది. అందులో సగం దారిలో పచ్చివే నమిలేసింది లెండి. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది. గోనెల్లో ఒక్క గింజ మిగల్లేదు.

పడవ విప్పుతుంటే గంగమ్మగారు ఆ పిడికెళ్ళ కుండ స్వయంగా మోసుకొచ్చి సీతమ్మ చేతిలో పెట్టేరు. నాకు వినపడకూడదని గొంతు తగ్గించేరు గానీ, నీళ్ళ మీద మాట ఎక్కడికైనా వినపడుతుందండి.

"అమ్మాయ్, ఇది ఇంకెక్కడికీ పంపకు. ముందు మీ ఆయనకి కడుపునిండా వండిపెట్టు. నిన్న తొమ్మిది ఇళ్ళలోనూ గిన్నె ఖాళీ చేసేడు, పాపం. ఉప్పెన మాకంటే మీ ఊరినే ఎక్కువ కొట్టిందేమో అనుకున్నాం."

సీతమ్మ కాదనొచ్చు కదండీ. "ఆయ్, అలాగే పెద్దమ్మగారూ" అంది.

అన్నమాట ప్రకారం ఇంటికొచ్చి వండి పెట్టింది కూడా. గంగమ్మగారు నొచ్చుకుంటారని తిన్నాను.