ఇర్ఫాన్ అడగని వేషం

ఎనిమిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు నేనెవరో తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను.

జంషెడ్‌పూర్‌లో, కద్మా వైపు ఒక బడిలో టీచర్ని. ఆ ఏడు వార్షికోత్సవానికి హిందీ నాటకం నేనే రాశాను. రైల్లో బాంబు పెట్టే ఉగ్రవాది, ప్రయాణికుల్ని కాపాడే డాక్టరు. ఉగ్రవాది ఎలా ఉంటాడని ఆలోచించే పనే పడలేదు. సినిమాల్లో చూసిందే, టీవీలో రోజూ చూపించేదే. గళ్ల కండువా, గడ్డం, కళ్లకి సుర్మా. ఆ వేషానికి మనిషి కూడా అంతే తేలిగ్గా దొరికాడు. ఎనిమిదో తరగతి ఇర్ఫాన్.

అతను డాక్టరు వేషం అడిగాడు. ఆ మాటలన్నీ అప్పటికే కంఠస్థం చేసుకొచ్చాడు.

"నీకు ఇదే నప్పుతుంది" అన్నాను.

ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని?

గడ్డం నేనే గీశాను, ఐబ్రో పెన్సిల్‌తో. కదలకుండా కూర్చున్నాడు. చప్పట్లు బాగా పడ్డాయి. రెండో వరసలో వాళ్లమ్మ మాత్రం చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

ఇంటికొచ్చాక ఫోన్‌లో వీడియో చూసి మా అమ్మ అంది: "ఏటే, ఆ పిల్లోడికి గెడ్డం నువ్వే ఎట్టేవా? ఆడి మొహం సూడు, ఏడుపు ఆపుకుంతన్నాడు. మన పిల్లోడికైతే ఎడతావా?"

"నాటకమే కదమ్మా" అన్నాను.

తర్వాతి వారం ఇర్ఫాన్ వాళ్లమ్మ ప్రిన్సిపాల్ గదికి వచ్చింది. నన్నూ పిలిపించారు. పిల్లలు తన కొడుకుని పేరుతో పిలవడం మానేశారని, ఉగ్రవాదీ అనే పిలుస్తున్నారని, టిఫిన్ డబ్బా తెరవకుండానే ఇంటికి తెస్తున్నాడని నెమ్మదిగా చెప్పింది. నన్ను ఒక్క మాట అనలేదు. పొరపాటైంది, క్షమించండి అని నేనని ఉంటే అక్కడితో పోయేది. కానీ ప్రిన్సిపాల్ నా వైపు చూశారు. ఆ చూపుకి జడిసి అనేశాను.

"ఆ వేషం వాడే అడిగి తీసుకున్నాడు సర్."

ఆయన ఇర్ఫాన్‌ని పిలిపించి, నిజమేనా అని అడిగారు. అతను నన్ను చూశాడు. కోపంగా కాదు.

"హా సర్, మైనే హీ మాంగా థా" అన్నాడు. అవును, నేనే అడిగాను అని.

వాళ్లమ్మ నాకు సారీ చెప్పి వెళ్లిపోయింది. నాకు.

ఎందుకలా అన్నాడు? భయపడ్డాడా? నా పరువు కాపాడాలనుకున్నాడా? లేక తనదీ నాదీ రెండు మాటలుంటే నా మాటే నమ్ముతారని పదమూడేళ్లకే తెలిసిపోయిందా, తెలిసింది గనకే ఇక వాదించడం దండగనుకున్నాడా, ఆ సంగతి అతనికి నేర్పిన టీచర్ని నేనేనా? ఈ ప్రశ్న దాటి ముందుకి పోలేకపోతున్నాను.

పరీక్షలవగానే టీసీ తీసుకుని వేరే బడికి వెళ్లిపోయాడు.

ఒకసారి బిష్టుపూర్ బజార్లో వాళ్లమ్మ ఎదురైంది. "నమస్తే మేడమ్" అంది. ఇర్ఫాన్ ఎలా ఉన్నాడన్న మాట నోటిదాకా వచ్చింది. అడగకుండా ఆటో ఎక్కేశాను.

ఇప్పుడు ఏ వేషం ఎవరికి కావాలో పిల్లల్నే ముందు అడుగుతున్నాను. తోటి టీచర్లు నా మంచితనం అనుకుంటారు. విని ఊరుకుంటాను.

అతనికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. ఇదీ పిరికితనమే. అయినా ఒక్కసారి రాయనివ్వండి. ఇర్ఫాన్ ఆ వేషం అడగలేదు. నేను అబద్ధం చెప్పాను.

రాశాను. కాస్త ఊపిరాడుతోంది.