పడమటి గాలిలో పాల సొర

నా రెండో బిడ్డ పుట్టి పదహారు రోజులైంది, తల్లికి పాలు ఇంకిపోయాయి. అంతకు ముందే ఒక బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు మాది. అందుకని ఈసారి ఎవరూ ఏడుస్తూ కూర్చోలేదు. ఆవుపాలలో నీళ్ళు కలిపి గుడ్డ వత్తితో చప్పరింపిస్తే పసిదానికి కడుపు పోయేది. చివరికి మా అమ్మ తేల్చి చెప్పింది.

"పాల సొర పుట్టు పెడితే గానీ దీనికి పాలు పడవురా. యాడన్నా సరే, పోయి పట్టుకొనిరా."

పాల సొర అంటే మూరన్నర పొడవుండే చిన్న సొరచేప. దాన్ని ఉడకబెట్టి, తోలూ ముళ్ళూ తీసి, వెల్లుల్లి, మిరియాలు దట్టించి పొడిపొడిగా వేపితే అదే పుట్టు. పుదుచ్చేరిలో బాలింత ఉన్న ఇల్లు అరవవాళ్ళదైనా, మా బోటి తెలుగువాళ్ళదైనా, ఆ వాసన వీధిలోకి రావాల్సిందే.

చిక్కల్లా ఆ ఎండాకాలంతోనే. కత్తిరి ఎండలు మొదలైనప్పటి నుంచీ పడమటి గాలి పగ్గం తెంచుకుని వీస్తోంది. ఆ గాలి ఒడ్డున ఉన్న వెచ్చని నీళ్ళను లోపలికి తోసేస్తుంది. అడుగునుంచి చల్లని నీళ్ళు పైకొస్తాయి. మనిషి ఒళ్ళు కాలిపోతుంటే సముద్రం మాత్రం బావినీళ్ళలా చల్లగా, తేటగా ఉంటుంది. చేపకు అది గిట్టదు, దూరం పోతుంది. కట్టుమరాలు వేసుకుని వెళ్ళినవాళ్ళు ఉత్త వలలతో తిరిగొచ్చేవాళ్ళు. బజారులో చేపలమ్మే ఆడవాళ్ళు బుట్టలు బోర్లించి వాటిమీదే కూర్చున్నారు. సొర సంగతి దేవుడెరుగు, పులుసులోకి నాలుగు చేపలు లేవు.

నేను మిల్లులో నేతపనివాణ్ణి. గాలం వేయడం సెలవు రోజుల సరదాకు నేర్చుకున్నదే. అయినా పట్టి తీరాలనుకున్నాను. నాది మొదటి నుంచీ మొండితనం, మా ఆవిడ దానికి ఇంకా చెడ్డ పేరే పెట్టింది. సాయంత్రం మిల్లు వదిలే సంగు ఊదగానే అటునుంచి అటే, ఓడల సరుకు దించే ఇనుప వంతెనకు దక్షిణంగా ఇసుకలోకి పోయేవాణ్ణి. సొర పళ్ళకు దారం ఆగదు గనక గాలానికి పైన జానెడు ఇనుప తీగ కట్టుకున్నాను.

మా మిల్లువాళ్ళందరికీ గాలి అంటే పొగగొట్టం మీద పొగే. పొగ సముద్రంవైపు వంగితే పడమటి గాలి, ఊరివైపు వంగితే సముద్రపు గాలి. ఐదో రోజు పొగ ఊరివైపు వంగింది. ఇక చేప వచ్చేసినట్టేనని పరుగెత్తాను. రెండు గంటలు నిలబడితే ఒక్క కొరుకు లేదు. పక్కన వల బాగుచేసుకుంటున్న ముసలాయన నన్ను చూసి నవ్వాడు. ఆయన అరవంలో అన్నదాన్ని మా ఇంటి తెలుగులో చెబుతాను.

"పొగ చూసి వచ్చినావా? చేప ఉండేది పొగగొట్టంలో గాదు. నీళ్ళలో కాలు పెట్టి చూడు."

పెట్టాను. వేళ్ళు జివ్వుమన్నాయి.

"గాలి పూటలో తిరుగుతాది. నీళ్ళు తిరగాలంటే నాలుగు దినాలు గావాల. కాలికి వెచ్చగా తగిలి, నీళ్ళు కలకబారి, చిన్న రొయ్య ఒడ్డుకు రావాల. దాని వెనక చేప, చేప వెనక సొర."

నవ్వినందుకు ఒళ్ళు మండింది. కానీ ఆయన మాట నిజమని నా కాలికి తెలిసిపోయింది. మరునాటి నుంచి పొగ చూడడం మానేశాను, ముందు కాలు పెట్టి చూసేవాణ్ణి.

ఆ రోజుల్లో ఇంట్లోనూ నాది అదే పట్టుదల. బాలింతకు నీళ్ళిస్తే ఒళ్ళు ఉబ్బుతుందనీ, బిడ్డకు జలుబు చేస్తుందనీ అమ్మ పథ్యం. పూటకు అర లోటా కాచిన నీళ్ళు, అంతే. ఒకరోజు మా ఆవిడ గోడ పట్టుకుని కుండదాకా పోతే నేనే చూశాను. "బిడ్డ బతకాలని లేదా నీకు?" అని అరిచి, కుండను తీసి అటకమీద పెట్టాను. ఇంటిని చక్కగా కాపాడుతున్నానని గర్వపడ్డాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ముసలాయన అన్నట్టే, నాలుగో సాయంత్రం నీళ్ళు కాలికి వెచ్చగా తగిలాయి. చెరువు నీళ్ళలా కలకబారి ఉన్నాయి. పొద్దు వాలకముందే దారం గుంజుకుపోయింది. అరచేయి కోసుకుపోయినా వదల్లేదు. అల మీద అలగా వెనక్కి నడుస్తూ ఇసుకమీదికి లాగేశాను. పాల సొరే.

మిల్లులోంచి తిన్నగా వచ్చినవాణ్ణి, గొంతు ఎండిపోయింది. ముసలాయనకు గంజి తెచ్చిన ఆయన పెండ్లాన్ని నీళ్ళడిగాను. కుండ చేతికిచ్చింది. అడుగంటా తాగేశాను. ఆమె ఒకసారి సొరనూ, ఒకసారి నన్నూ చూసింది.

"బాలింతకా?"

"ఔనక్కా. పాలు లేవు."

"నీళ్ళు ఎంత తాగతాది?"

చెప్పాను. ఆమె కోప్పడలేదు.

"ఒక్క పూట వేడికే నువ్వు కుండ ఖాళీ చేసినావు. అది పగలంతా అదే వేడిలో పడుండి, బిడ్డకు గూడా తన ఒంట్లోంచే తీసి ఇయ్యాల. యాడ్నుంచి తీస్తాది తంబీ?"

మూడో రోజుకు పాలు పడ్డాయి. అంతా సొర మహిమేనని అమ్మ బతికున్నన్నాళ్ళూ చెప్పింది. నేను ఒక్కసారి కూడా వాదించలేదు. వాదించే మొహం నాకు లేదు.

సొర పట్టిన సాయంత్రం ఇంటికి పోగానే సొరను అమ్మ ముందు పడేసి, అటకమీది కుండ దించి, పెద్ద చెంబు నిండా ముంచుకున్నాను. అమ్మ అడ్డం వచ్చింది. "నువ్వు పుట్టు సంగతి చూడమ్మా" అని పక్కనుంచి గదిలోకి పోయాను. మా ఆవిడ నా మొహం చూడలేదు, చెంబునే చూసింది. రెండు చేతులా పట్టుకుని ఊపిరి తీసుకోకుండా తాగింది. గడ్డం మీంచి కారిన నీళ్ళను కూడా అరచేత్తో తుడిచి నాకింది. తర్వాత చెంబు ఒళ్ళో పెట్టుకుని, నా చేతివైపు భయంగా చూస్తూ మెల్లిగా అడిగింది.

"ఇంకొంచెం తాగొచ్చునా?"