పంపులో మిగిలిన మందు

కరివేపాకు చెట్టు మీద పాకే పురుగు ముఖం ఎట్లుంటుందో మల్లాపూర్‌లో సంగీతను అడగాలి. భర్త ప్రకాశ్ మస్కట్‌లో ఉంటాడు. వీడియో కాల్‌లో ఆయన తిన్నావా అని అడుగుతుంటే, ఈమె ఫోన్ పెరట్లోకి తిప్పి సాలీడు కళ్లు చూపిస్తుంది. సిరిసిల్లలో ఉండే స్నేహితురాలు రాధిక ఓసారి, నేతవాళ్లు బట్టలో పోగులు చూసుకునే చిన్న మడత భూతద్దం ఇచ్చింది. దాన్ని రబ్బరు బ్యాండుతో ఫోన్ కెమెరాకు బిగించి, ఎవరూ నేర్పకుండానే చీమ మీసాల దాకా ఫోటోలు తీస్తోంది.

చేతికి చిక్కనిది ఒక్కటే: గూడు చీల్చుకుని సీతాకోకచిలుక బయటికి వచ్చే క్షణం. ఎప్పుడూ ఆమె వంటింట్లో ఉండగానే అయిపోయేది. ఈసారి కరివేపాకు కొమ్మకున్న గూడు నల్లబడి, లోపలి రెక్కల మచ్చలు పైకి కనిపిస్తున్నాయి. తెల్లారితే వస్తుంది. ఆ ధీమాతోనే అత్త వెంకటవ్వకు బీపీ గోళీలు తేవడానికి కోరుట్లకు పోయింది.

తిరిగొచ్చేసరికి పెరడంతా ఘాటు వాసన. ప్రకాశ్ అన్న జలపతి నల్లా దగ్గర మందు కొట్టే పంపు కడుగుతున్నాడు. పసుపు చేనుకు కొట్టగా మిగిలిన మందును ఆయన పారబొయ్యడు. ఇంటికి తెచ్చి పెరటి మొక్కలకు కొడతాడు. ఊళ్లో చాలామంది చేసే పనే.

"కల్యామాకు చెట్టుకు పురుగు వట్టింది పిల్లా. మందు ఊకె పోతదని గింత కొట్టిన" అన్నాడు, మేలు చేసినట్టు.

ఆకుల కింద పచ్చ పురుగులు తలకిందులుగా వేలాడుతున్నాయి. గూడు మందుతో తడిసి మెరుస్తోంది.

"ఎవర్నడిగి కొట్టిన్రు బావా?"

"పురుగును సంపనీకె ఎవర్నడగాలె? దాని ఆధార్ కార్డు సూడాల్నా?"

గడపలో కూర్చున్న వెంకటవ్వ నవ్వింది. "దానికి పురుగులే సుట్టాలురా. మొన్న గొంగళిపురుగుకు నాకంటె మంచిగ ఫోటో దీసింది."

ఆ నవ్వుకు సంగీత ఒళ్లు మండింది. ఒక రెమ్మ తుంచి బావ ముందు పట్టింది.

"రేపు చారుల ఏసేది గీ ఆకే. ఇప్పుడే నములుండ్రి."

"కడిగి ఏస్తె ఏంగాదు."

రెమ్మను నల్లా కింద కడిగి మళ్లీ పట్టింది. "కడిగిన. నములుండ్రి."

జలపతి చేయి చాపలేదు.

"నమలవు. డబ్బా మీద పుర్రె బొమ్మ నీకు తెల్వదా? పోయినేడు గూడ గిట్లనే కొట్టినవ్. నేను గీ ఆకే కూరల్ల ఏసిన. అందరం తిన్నం. ఒక్క మాటన్న చెప్పినవా?"

పెళ్లయిన నాటి నుంచి బావను మీరు అన్న నోరు అది. వెంకటవ్వ నవ్వు ఆగిపోయింది.

"పురుగుల కోసం నన్ను గింత మాటంటవా?" అన్నాడు జలపతి.

"పురుగుల కోసమే అంటున్న. తిండి సంగతి తర్వాత యాదికొచ్చింది."

తెల్లారి వంట సంగతే మరిచి గూడు ముందు కూర్చుంది. గూడు చీలింది. సీతాకోకచిలుక సగం వచ్చి ఆగింది. ఒక రెక్క లోపలే ముడుచుకుపోయింది. కాసేపు కాళ్లాడించింది, తర్వాత అదీ లేదు. కోపంలో తీసిన మొదటి ఫోటోలన్నీ మసకగా వచ్చాయి. మోచేతులు పీటకు ఆనించి, పళ్లు బిగబట్టి, రెక్క మీది పొడి తేటగా కనిపించేదాకా తీసింది. అదొక్కటి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. కింద ఏమీ రాయలేదు. మస్కట్ నుంచి ప్రకాశ్ ఏమైందని అడిగాడు. మీ అన్ననడుగు అని పెట్టింది.

మధ్యాహ్నం జలపతి చేను నుంచి వచ్చేసరికి పెరటి తలుపుకు తాళం ఉంది.

"తాళం చెవి ఏదే?" అంది వెంకటవ్వ.

"నా దగ్గరుంది."

"మరి వాడు పంపు యాడ కడగాలె?"

"చేన్ల" అని సంగీత కంచాలు పెట్టడానికి లోపలికి పోయింది.