తగ్గిన అంకెలు

నాకు అక్షరాలు సరిగా రావు, అంకెలు మాత్రం వచ్చు. మా ఆయనకు సుగర్ ఉన్నన్నాళ్లూ పాత రిపోర్టూ కొత్త రిపోర్టూ పక్కపక్కన పెట్టి చూసేది నేనే. అంకె దిగితే ఆ పూట చేపల పులుసు, ఎక్కితే రాగి జావ. ఆయన పోయాక కూడా ఆ అలవాటు నన్ను వదల్లేదు.

మేముండేది రాయ్‌పూర్‌లో, రైలు వ్యాగన్లు బాగుచేసే కార్ఖానా వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కన. ఆయన పోయిన రెండేళ్లకి మా అమ్మాయికి లూపస్ అన్నారు. ఒంటికి కాపలా ఉండాల్సింది ఒంటిమీదే పడుతుందట. పిల్ల భన్‌పురిలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బిల్లులు రాసేది. వేళ్ల కీళ్లు పట్టేసి పెన్ను పట్టుకోలేక ఏడ్చేది. స్టెరాయిడ్ మాత్రలతో నొప్పులు తగ్గాయి గానీ ముఖం గుండ్రంగా ఉబ్బింది. ఆఫీసులో పూరీ అని పిలుస్తున్నారని నవ్వుతూ చెప్పేది. చెప్పి, అన్నం సగంలో లేచిపోయేది.

మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. ఒకసారి డాక్టరమ్మను కలవడానికి ఇంకా పన్నెండు రోజులుండగా రిపోర్టు వచ్చింది. సీ3 అన్న వరసలో పోయినసారి తొంభై రెండు, ఇప్పుడు యాభై ఒకటి. సీ4 వరసలో పద్నాలుగుకి ఐదు. డీఎన్‌ఏ అని పిల్ల చదివిన ఇంకొకటి మాత్రం పెరిగింది. రెండు దిగాయి, ఒకటి ఎక్కింది. దిగినవే ఎక్కువ గనక మేలేననుకున్నాను.

"తగ్గిపోతంది గదా, మాత్ర సగం సేసేద్దుమా?" అన్నాను.

"డాక్టర్‌ని అడక్కుండానా?"

"మీ నాన్నకి సుగరు దిగితే సగం సెయ్యమన్లేదేటి? నాను సూళ్లేదా?"

పిల్ల అద్దం వైపు చూసుకుంది. "ఠీక్ హై. నీ ఇష్టమమ్మా," అంది.

అది దాని ఇష్టమేనని నాకు తెలుసు. కూరగాయల కత్తితో రోజూ పొద్దున్నే మాత్రను సగం చేసింది నేనే.

ఎనిమిదో రోజుకి కళ్ల కింద వాపొచ్చింది. నిద్ర చాలలేదనుకున్నాం. తర్వాత పాదాల మీద చెప్పు పట్టీల అచ్చు పడి అలాగే ఉండిపోయింది. "అమ్మా, ఉచ్చలో సబ్బేసినట్టు నురగొస్తంది" అని పిల్ల చెప్పిన రోజున ఆటో ఎక్కించాను.

మాత్ర ఎంత వేసుకుంటోందని డాక్టరమ్మ హిందీలో అడిగింది. పిల్ల తల దించుకుంది. నేనే చెప్పాను. ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"మాతాజీ, డబ్బాలో బియ్యం తగ్గితే సంతోషిస్తారా?" అంది. ఈ సీ3, సీ4 ఒంట్లో ఉండాల్సిన సరుకట. లోపల పోరు రేగితే ఖర్చయిపోతాయట. డీఎన్‌ఏ అంకె ఎక్కి ఇవి దిగాయంటే కిడ్నీ మీదికి వస్తోందేమోనని వెంటనే చూడాలట. దిగడం మాత్ర తగ్గించక ముందే మొదలైంది, అది మీ తప్పు కాదు, కాగితం రాగానే తెచ్చి ఉంటే మాత్రం వేరుగా ఉండేది, అంది. మాత్ర సగం చేయడం వల్ల ఎంత చెడిందో ఆమె అనలేదు. అనకపోతే మాత్రం నాకు తెలియదా.

పరీక్షకని కిడ్నీలోంచి సూదితో ముక్క తీశారు. మూడు రోజులు సెలైన్‌లో మందెక్కించారు. కిడ్నీ నిలబడుతుందో లేదో ఆరు నెలలు పోతే గానీ చెప్పలేమన్నారు. బీర్‌గావ్‌లో ఉండే మా చెల్లి ఫోన్ చేస్తే, "మాత్ర డాక్టరే తగ్గించింది పిన్నీ" అని పిల్ల అబద్ధమాడింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఆరు నెలలు గడిచాయి. కిడ్నీ నిలబడింది గానీ పూర్తిగా బాగుపడలేదు. రిపోర్టు ఇప్పుడు పిల్లే చదువుకుంటుంది, నేను అడగను. పొద్దున్నే దాని కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి, వాపుకి గుంట పడుతుందేమో చూస్తాను.

"ఏటమ్మా ఇది, రోజూ పిండి పిసికినట్టు," అని విసుక్కుంటుంది.

నిన్న నొక్కితే గుంట పడింది. లోతు లేదు, కానీ వెంటనే పూడలేదు.

"మొన్న రిపోర్టు బాగుంది కదా. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి," అంది పిల్ల.

"ఉండనీ. సెప్పులేసుకో, ఆస్పత్రికెల్దాం," అన్నాను.